ఎర్ర బండి, నీలం బండి, మా అత్త

మొన్న మెదక్‌లో దగ్గరి చుట్టాల పెళ్లికి వెళ్లి, అన్నం తినకుండా తిరిగి వచ్చాను. వంటలు బాగాలేక కాదు. బగారా అన్నం ఘుమఘుమ గేటు దాకా వస్తూనే ఉంది. కోపం వచ్చి వచ్చేశాను. "గంత చిన్న మాటకు గంత కోపమేందే అమ్మా!" అని మా బిడ్డ దారి పొడుగునా సణుగుతూనే ఉంది.

చిన్న మాటేం కాదు అది. చెబుతాను, వినండి.

ఆ ఫంక్షన్ హాల్ వాళ్లు గేటు ముందు పచ్చిక పెంచి, దాని మీద రెండు పాత ట్రాక్టర్లు నిలబెట్టారు. ఒకటి ఎరుపు, ఒకటి నీలం. రెండింటికీ కొత్తగా రంగులు కొట్టి, స్టీరింగులకు చమ్కీ దండలు చుట్టారు. పెళ్లికి వచ్చిన వాళ్లంతా వంతులేసుకుని ఎక్కి ఫోటోలు దిగుతున్నారు. దిగితే దిగనీ, నాకేం బాధ లేదు. నిజం చెప్పాలంటే ఆ నీలం బండి మూతి చూడగానే నా కాళ్లు ఆగిపోయాయి. నా చిన్నప్పుడు మా ఇంట్లో ఉన్నది అచ్చం అలాంటిదే. అవే గుండ్రటి లైట్లు, అదే పొడుగాటి ముక్కు. దగ్గరికి వెళ్లి ఆవును నిమిరినట్టు నిమిరాను.

అప్పుడే ఒక పిల్లవాడు కర్రకు ఫోన్ తగిలించుకుని వీడియో తీస్తూ గట్టిగా మాట్లాడుతున్నాడు. "ఫ్రెండ్స్, జర చూడుండ్రి. మన తాతల కాలంల ఈ రెండిటికే పోటీ. ఎర్రదేమో పైల్వాన్ లెక్క. మస్తు బరువు, మస్తు బలం. గీ నీలందేమో లైట్. క్లచ్ లైట్, స్టీరింగ్ లైట్. గందుకే అప్పట్ల ఒక మాటుండె... నీలం బండి, ఆడోళ్లు గూడ తోలొచ్చు అని!"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆడవాళ్లు కూడా నవ్వారు.

"ఆ మాట నీకెవలు జెప్పిండ్రు నాయనా?" అని అడిగాను.

"మా తాత చెప్తుండె పెద్దమ్మా. అందరికెర్కే గది."

"నువ్వా సీటు మీద కూసోని, నీళ్లు నిండిన మడిల ఒక్క సుట్టు తిప్పి సూడు. లైటో కాదో అప్పుడు చెప్దువు."

వాడు నవ్వి, ఫోన్ నా మొహం మీదికి తిప్పాడు. "అయ్యో పెద్దమ్మా, లైట్ తీస్కోండ్రి!"

లైట్ తీసుకోవాలట. ఆ మాట ఎక్కడ పుట్టిందో, ఎవరి కష్టం మీద పుట్టిందో, పుట్టిన రోజు నేను గట్టు మీద నిలబడి నా రెండు చెవులా విన్నాను. ఇన్నేళ్లకు, చేసిన మనిషి పోయింది, ఆ మాట మాత్రం చమ్కీ దండ వేసుకుని ఇంకా బతికే ఉంది.

మాది పాపన్నపేట వైపు, మంజీర ఒడ్డున ఒక చిన్న ఊరు. కాలువ నీళ్లు వచ్చే నేల కాబట్టి చుట్టూ వరే. మా ఇంట్లో నాయిన, అమ్మ, నేను, మా మేనత్త. అత్త నాయినకు చెల్లెలు. పెళ్లయిన కొన్నేళ్లకే భర్త పోతే, ఒక ఇనుప పెట్టె పట్టుకుని మా ఇంటికి వచ్చేసింది. పొడగరి, చామనఛాయ. మాట తక్కువ. నవ్వితే మాత్రం పక్కింటి దాకా వినపడేది. పొద్దున్నే ఆమె జొన్న రొట్టె కొట్టే చప్పుడుతోనే నాకు మెలకువ వచ్చేది. పొయ్యి మీద నుంచి తీసిన రొట్టె, దాని మీద వెల్లుల్లి కారం, నాలుగు చుక్కల నూనె. ఇప్పుడు ఏ పెళ్లిలో ఏం పెట్టినా నాకు ఆ రొట్టె ముందర దిగదుడుపే.

మా నాయిన నీలం ట్రాక్టర్ కొన్నాడు. అంతకు ముందు ఏడే మా మామ, అంటే అమ్మకు అన్న, కుల్చారం దగ్గర తన ఊళ్లో ఎర్ర ట్రాక్టర్ కొన్నాడు. బావ ఎర్రది కొన్నాడు కాబట్టి నాయిన నీలంది కొన్నాడని అమ్మ అనేది. అది నిజమే అయి ఉంటుంది. మా నాయిన మనసులో మామను మించిన శత్రువు లేడు, మామను మించిన స్నేహితుడూ లేడు.

ఇక చూడండి. పండగకు కలిసినా, చావుకు కలిసినా ఇద్దరికీ అదే ముచ్చట.

"నీ ఎర్రది సలికాలం పొద్దుగాల ఏనాడన్న ఒక్కసారికి స్టార్టయిందా బావా? ఊరంత కలిసి నూకాలె," అనేవాడు నాయిన.

"నూకుతే నూకిండ్రు. ఒకపారి స్టార్టయితే కొండనన్న గుంజుకొస్తది. నీదేంది, తోక మీద బరువు పడంగనే ముక్కు లేపుతది, బెదిరిన గుర్రం లెక్క!" అనేవాడు మామ.

"నీదానికి డీజిల్ తాపలేక సస్తున్నవట?"

"తిన్నోడే పని జేస్తడు."

మేం పిల్లలం కూడా రెండు జట్లు. మామ కొడుకులు వచ్చినప్పుడు మా నీలం బండి బానెట్ మీది దుమ్ములో వేలితో గాడిద బొమ్మ గీసేవాళ్లు. నేను వాళ్ల ఊరికి వెళ్లినప్పుడు ఎర్ర బండి లైట్ల కింద బొగ్గుతో మీసాలు పెట్టి వచ్చేదాన్ని. ఆ మీసాలతో అది అచ్చం మామలాగే ఉండేది. తిట్లు పడ్డా, ఆ రోజుల్లో తిట్లకు కూడా ఒక రుచి ఉండేది. డీజిల్ వాసన, కొత్త గ్రీసు వాసన, తడి మట్టి వాసన, ఈ మూడూ కలిసిన గాలే నా బాల్యం. మామకు, నాయినకు మాత్రం ఒక విషయంలో ఏ తేడా లేదు. బండి గొప్పదా, బండి చెత్తదా అనే మాటే తప్ప, దాన్ని నడిపేవాడి మాట ఇద్దరి నోటా వచ్చేది కాదు.

నాయినకు ట్రాక్టర్ నడపడం రాదు. నేర్చుకోబోయి మొదటి రోజే పెంటకుప్పలోకి ఎక్కించి, మళ్లీ దాని జోలికి పోలేదు. అందుకని ఒక డ్రైవర్‌ని పెట్టుకున్నాడు. ఆ వానకాలం సరిగ్గా నాట్లకు ముందు, కాలువ నీళ్లు వదిలిన వారంలో, మా మామ ఆ డ్రైవర్‌కు కొత్త బట్టలు ఆశపెట్టి తన ఊరికి పిలుచుకుపోయాడు. అదేమని కబురు పెడితే, "మంచి డ్రైవర్‌కు మంచి బండి గావాలె గద" అని జవాబు పంపాడు.

బండి వాకిట్లో నిలబడిపోయింది. నారు ముదురుతోంది. నాయిన చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగాడు. నాట్ల రోజుల్లో డ్రైవర్ దొరకడం అంటే వానలో పొడి కట్టె దొరకడమే. ఒకరోజు పొద్దున నాయిన అరుగు మీద తల పట్టుకుని కూర్చుని ఉంటే, బండి ఒక్కసారిగా గుర్రుమని లేచింది. అందరం ఉలిక్కిపడి చూశాం. సీటు మీద అత్త ఉంది. చీర కుచ్చెళ్లు వెనక్కి కట్టుకుని, నెత్తికి తువ్వాల చుట్టుకుని ఉంది.

"దిగే!" అని నాయిన కేకేశాడు. "నీకు గిట్ల పిచ్చి లేసిందా? కాలు ఇరుగుతది!"

"నారు ముదుర్తాంది అన్నా. నా కాలు సంగతి నేను సూస్కుంట," అంది అత్త. మెల్లగా, ఒక్క కుదుపూ లేకుండా బండి వాకిలి దాటింది. నేను వెనక పరుగెత్తాను.

తర్వాత తెలిసింది. డ్రైవర్ బండి కడుగుతున్నప్పుడు, ఆయిల్ మారుస్తున్నప్పుడు, నీళ్లందించే నెపంతో అత్త అంతా చూస్తూ ఉండేదట. మధ్యాహ్నం అతను చింతచెట్టు కింద నిద్రపోతే, ఎక్కి కూర్చుని క్లచ్, గేర్లు కాలికీ చేతికీ అలవాటు చేసుకునేదట. కావాలనే మాకెవరికీ చెప్పలేదు. చెబితే ఏం జరిగేదో ఆమెకు తెలుసు.

ఏదైనా తేడా వస్తే మేం ముగ్గురం, అంటే అత్త, నేను, బండి, మెదక్‌లో బండ్లు బాగుచేసే మిస్త్రీ చాచా దగ్గరికి వెళ్లేవాళ్లం. ఆయన షెడ్డు చర్చి కనబడే సందులో ఉండేది. తెల్ల గడ్డం, నల్లటి చేతులు. ఎర్ర బండ్లూ నీలం బండ్లూ ఆయన ముందర ఒకే తీరుగా కడుపులు తెరుచుకుని పడుకునేవి. మొదటిసారి అత్తను సీటు మీద చూసి ఆయన పానా కింద పెట్టేశాడు. ఏమంటాడో అని నేను అత్త కొంగు పట్టుకున్నాను.

"బురదల జోర్ జెయ్యకు బేటీ," అన్నాడు. "రేస్ పెంచితే సక్రం గుంత తవ్వుకుంటది. నీ నీలంది బురదల దిగవడది, అది దాని మంచి గుణం. గని ముక్కు లేస్తది, పాణాలు తీస్తది. ముక్కు లేస్తుందనిపిస్తే ఏం జేస్తవు?"

"క్లచ్ తొక్కుత చాచా."

"షాబాష్." తర్వాత నాకు ఒక బిస్కెట్ పొట్లం చేతిలో పెట్టాడు. ఆ పొట్లానికి కూడా గ్రీసు మరకలే. అయినా అంత మంచి బిస్కెట్లు నేను మళ్లీ తినలేదు.

ఆమె మా పొలం దున్నింది. నీళ్లు కట్టి బురదగా కలియదున్నడాన్ని మేం దమ్ము కొట్టడం అంటాం. ట్రాక్టర్‌తో దమ్ము కొట్టాలంటే రబ్బరు టైర్ల పక్కన ఇనుప చక్రాలు బిగించాలి. మాకు ఆ చక్రాలు లేవు. ఊళ్లో ఒకరి దగ్గర ఉంటే, వాళ్ల పొలం అయిపోయాక, వాళ్ల చుట్టాల పొలం అయిపోయాక, చివర్లో మాకు దొరికేవి. అందుకే మా నాటు ప్రతి ఏడూ అందరికన్నా వెనక పడేది. అయినా ఆ ఏడు అత్త మా మడులు అద్దంలా చేసింది. నాటు వేసే ఆడవాళ్లు, "ఈమె దున్నిన మడిల కాలు పెడ్తే గడ్డలు తగుల్తలేవు" అని చెప్పుకున్నారు.

చెప్పుకోవడం ఊరుదాటింది. పెద్దమనుషులు నాయిన దగ్గరికి వచ్చారు. "ఆడది నాగలి ముట్టదు, అది మన పద్ధతి. గిది నాగలి కాదా? నలుగురు నవ్వుతున్నరు, జర సోంచాయించు." మా ఇంటి చాయ్ తాగుతూనే అన్నారు. ఆ చాయ్ పెట్టింది అత్తే. వాళ్లు ఆనుకుని కూర్చున్న బస్తాల్లో ఉన్న వడ్లు పండిన మడి దున్నిందీ అత్తే.

ఇంట్లో కూడా సుఖం లేదు. "మీ అత్త జేసిన రొట్టె డీజిల్ కంపు కొడ్తాంది" అని అమ్మ మూతి తిప్పేది. నాకు ఆ వాసన ఇష్టం. చేతులు వాసన చూపించమని అత్త వెంట పడేదాన్ని.

మామకు ఈ సంగతి తెలిసి, చెరుకు గడలు మోసుకుని పరామర్శకు వచ్చినట్టు వచ్చాడు. అరుగు మీద కూర్చుని, లోపల ఉన్న అత్తకు వినబడేట్టు, "ఏం బావా! నీ బండికి ఇప్పుడు గాజులేసిండ్రటగా?" అన్నాడు.

నాయిన మొహం ఎర్రబడింది. అదే సమయంలో మెదక్‌లోని రెండు ట్రాక్టర్ షాపుల వాళ్లు కలిసి నది ఒడ్డున దమ్ము పోటీ పెడుతున్నారని ఊరూరా చాటింపు వేయించారు. ఎర్ర బండ్లు ఒకవైపు, నీలం బండ్లు ఒకవైపు. గెలిచిన బండికి కొత్త ఇనుప చక్రాల జత బహుమానం. మామ తొడ కొట్టి మరీ తాను వస్తున్నానన్నాడు. "నువ్వెవల్ని తెస్తవ్ బావా? డ్రైవర్ లేకపాయె!"

అత్త గడపలోకి వచ్చి నిలబడింది.

"నేనొస్త," అంది.

మామ నవ్వాడు. "ఓడితే?"

"ఓడితే మళ్ల బండెక్క."

"మాట మీదుంటవా మరదలా?"

"నేనుంట. గెలిస్తే నువ్వేం జేస్తవో గది జెప్పు బావా."

మామ ఆ ప్రశ్నే నవ్వులాట అయినట్టు చెరుకు ముక్క నమిలాడు. ఇప్పటికీ నాకు అక్కడే కడుపు మండుతుంది. ఆమె ఓడితే ఏం పోగొట్టుకోవాలో అందరికీ తెలుసు. గెలిస్తే ఏమివ్వాలో ఎవరూ ఆలోచించలేదు.

పోటీ రోజు జాతరలా ఉంది. మిర్చి బజ్జీల బండ్లు, ఉడకబెట్టిన మక్క కంకులు, సైకిళ్ల మీద ఐస్‌ఫ్రూట్. గట్ల మీద ఎక్కడ చూసినా జనం. షామియానా కింద కుర్చీల్లో షాపుల యజమానులు, ఊళ్ల పెద్దలు. నీళ్లు నిండిన మడులు ఎండకు మెరుస్తున్నాయి. అమ్మ రానంది, చివరి నిమిషంలో సద్ది మూట కట్టుకుని వచ్చింది. ఎవరి గెలుపు కోరుకోవాలో ఆమెకు తెలియదు. ఒకవైపు అన్న, ఒకవైపు ఆడబిడ్డ.

అన్ని బండ్లూ తలా ఒక మడి దున్నాలి. తొందరగా, నున్నగా దున్నినవాళ్లది గెలుపు. మా వంతు వచ్చేసరికి చివరికి మామ, అత్త పక్క పక్క మడుల్లో పడ్డారు. మామ తన కొత్త డ్రైవర్‌ని పక్కకు నెట్టి తానే ఎక్కాడు. అంత జనం ముందు మరొకరిని ఎక్కించడానికి ఆయనకు మనసొప్పలేదు.

అత్త బండి మడిలోకి దిగగానే గట్ల మీద ఈలలు, కూతలు మొదలయ్యాయి. ఒకడు మట్టిగడ్డ విసిరాడు. అది బానెట్‌కు తగిలి చిట్లింది. అత్త చూడలేదు. మడి అంచు నుంచి మొదలుపెట్టి చుట్లు చుట్లుగా లోపలికి వచ్చింది. మూలల్లో స్టీరింగ్ తిప్పుతున్నప్పుడు ఆమె భుజాలు రెండూ లేచేవి. ఒళ్లంతా పెట్టి తిప్పాల్సి వచ్చేది. ఒకచోట ముందు చక్రాలు గాలిలోకి లేచాయి. అత్త కాలు క్లచ్ మీద పడింది. బండి అంతలోనే మెత్తగా కిందికి దిగి, మళ్లీ కదిలింది. ఈలలు మెల్లగా తగ్గిపోయాయి.

పక్క మడిలో మామ ఎర్రది నిజంగా దున్నపోతులాగే వచ్చింది. ముందుగా ఆయనే సగం దాటాడు. కానీ ఆ మడిలో ఒక మూల నీటి ఊట ఉంది, నేల మెత్తన. బండి కొంచెం తడబడగానే మామ రేస్ పెంచాడు. ఇంకా పెంచాడు. పొగ నల్లగా లేచింది, బురద షామియానా దాకా చిమ్మింది. బండి ఉన్నచోటే గుంత తవ్వుకుని బొడ్డు దాకా దిగబడింది. గట్ల మీది మగవాళ్లు దిగి నెట్టినా కదల్లేదు.

అత్త తన మడి పూర్తి చేసి గట్టెక్కింది. నీళ్ల మీద పాత వరి మొదలు ఒక్కటి కూడా తేలడం లేదు. ఆకాశం అందులో ఉన్నది ఉన్నట్టు కనబడింది.

నేను గంతులేశాను. ఇక ఇప్పుడు ఆమెను పిలుస్తారు, దండ వేస్తారు అనుకున్నాను. నీలం షాపు యజమాని మైకు తీసుకున్నాడు. మా నాయినను పేరు పెట్టి పిలిచాడు. నాయినకు దండ వేశారు. నాయినను నీలం బండి సీటు మీద కూర్చోబెట్టి ఫోటో తీశారు. పెంటకుప్ప దాటి నడపలేని మా నాయిన రెండు చేతులా స్టీరింగ్ పట్టుకుని నవ్వుతున్నాడు. అత్త బురద కాళ్లతో గట్టు మీద నిలబడి ఉంది. తప్పుకొమ్మని ఫోటో తీసేవాడు చెయ్యి ఊపితే, తప్పుకుంది.

అప్పుడన్నాడు ఆ యజమాని, మైకులో. "సూశిండ్రా! మన నీలం బండి ఎంత సులువంటే, ఆడోళ్లు గూడ తోలొచ్చు!"

జనం పగలబడి నవ్వారు, చప్పట్లు కొట్టారు. అదీ ఆ మాట పుట్టిన వేళ.

ఎర్ర షాపు యజమాని ఊరుకుంటాడా? మైకు లాక్కుని, "మా బండిల ఏ తప్పు లేదు. తోలేటోని తప్పు!" అన్నాడు. మామ బురదలోనుంచే, "తప్పు నాది గాదు, మడిల ఊటుండె!" అని అరిచాడు. చూశారా న్యాయం? గెలిచిన చోట గొప్పతనం బండిది. ఓడిన చోట తప్పు బండిది కాదు. నడిపి గెలిచిన మనిషి ఊసు మాత్రం ఎక్కడా లేదు. ఇన్నేళ్లు గడిచినా, ఈ లెక్క ఏ దేశపు లెక్కో నాకు అర్థం కాలేదు.

అత్త గట్టు దిగి, మోకాలి లోతు బురదలో నడుచుకుంటూ ఎర్ర బండి దగ్గరికి వెళ్లింది.

"దిగు బావా," అంది.

"ఏందీ?"

"జర దిగు. బండి బయటికి తీస్త."

"మగోళ్లం ఇంతమందిమి నూకినా రాలే. నీతోని గాదు మరదలా, పో."

"గాకుంటే గాదు. దిగు."

ఏమనుకున్నాడో, మామ దిగాడు. అత్త వెనకనున్న దమ్ము చట్రం ఊడదీయించింది. చక్రాల వెనక వరిగడ్డి, కంప వేయమని కూలీలకు చెప్పింది. జన్మలో ఎక్కని ఆ బండి ఎక్కి, గేర్లు అటూ ఇటూ కదిపి చూసుకుంది. అందరూ ముందుకు లాగుతుందని చూస్తున్నారు. ఆమె రివర్స్ వేసింది. రేస్ పెంచలేదు. బండి ఒకసారి వణికింది, చక్రం గడ్డిని కొరికింది, ఇంచు ఇంచుగా వెనక్కి జరిగి జరిగి గుంతలోంచి బయటపడింది.  ఆమె అక్కడితో ఆగలేదు. చట్రం మళ్లీ తగిలించి, ఊట మూల వదిలి, మామ వదిలేసిన సగం మడి ఎర్ర బండితోనే పూర్తి చేసింది. రెండు మడులూ ఒకేలా ఉన్నాయి. ఏది ఏ బండి దున్నిందో చెప్పండి చూద్దామన్నట్టు ఉన్నాయి.

గట్టెక్కి, బండి ఆపి, మామ ముందు దిగింది. "ఇగ కడిగించుకో బావా," అంది.

మిస్త్రీ చాచా ఒక్కడే జనంలోంచి రెండు చేతులూ పైకెత్తి "షాబాష్ బేటీ! షాబాష్!" అని అరిచాడు. నేను షామియానా వైపు చూశాను. కుర్చీలు ఖాళీ. పెద్దమనుషులంతా భోజనాలకు లేచారు. నేను ఫోటో ఆయన దగ్గరికి పరుగెత్తి, "మా అత్త ఫోటో తియ్యవా?" అని అడిగాను. ఫిల్ము అయిపోయిందన్నాడు. ఆయన పెట్టె సర్దుతూ, నా మొహం కూడా చూడకుండా అన్నాడు.

ఆ సాయంత్రం ఇనుప చక్రాలు బండి మీద మా వాకిట్లో దిగాయి. నాయిన మెడలో దండ ఇంకా తీయలేదు. వచ్చిన వాళ్లందరికీ "మా బండి గెలిచింది" అని చెబుతున్నాడు. చివరికి దండ తీసి దర్వాజాకు తగిలించబోయాడు. రోజూ డీజిల్ కంపని సణిగే మా అమ్మ, మామకు సొంత చెల్లెలు, వచ్చి ఆ దండ నాయిన చేతిలోంచి తీసుకుంది. తిన్నగా కొట్టంలోకి వెళ్లి బర్రె ముందు పడేసింది. బర్రె నింపాదిగా పూలన్నీ తిన్నది.

"ఏందే, దండ గట్ల పడేస్తివి?" అన్నాడు నాయిన.

"ఎవల మెడల పడాల్నో ఆమె మెడల పడలే. బర్రెన్న తిననీ," అంది అమ్మ. తర్వాత పొయ్యి ముందు కూర్చుని, ఆ రోజు రొట్టెలు తానే కొట్టి, మొదటి రొట్టె అత్తకు పెట్టింది. అత్త కళ్లలో నీళ్లు నేను చూసింది ఆ ఒక్కసారే. అదీ వెల్లుల్లి కారం ఘాటని చెప్పింది.

నాయిన తప్పు ఒప్పుకున్నాడా అంటే, లేదు. మళ్లీ పెద్దమనుషులు వచ్చి అత్తను దించమంటే మాత్రం, "మీ మడులు దమ్ము గొట్టాల్నంటే ఆమెనే అడుగుండ్రి, నన్నడగకుండ్రి" అని లేచి వెళ్లాడు. అందరూ ఆయన మంచితనాన్ని మెచ్చుకున్నారు. నేను మెచ్చుకోలేదు. ఆ మాట ఇంటి అరుగు మీద కాదు, షామియానా కింద మైకులో అనాల్సింది. నాయిన నన్ను ప్రాణంగా పెంచాడు. అయినా ఈ విషయంలో ఆయన్ని నేను క్షమించలేదు, ఆయన పోయిన తర్వాత కూడా.

అత్త ఆ తర్వాత చాలా ఏళ్లు బండి నడిపింది. కొత్త చక్రాలు వచ్చాక మా నాటు ఊళ్లో అందరికన్నా ముందు పడింది. మగదిక్కు లేని ఆడవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఆమెను కిరాయికి పిలుచుకుపోయేవాళ్లు. శంకరంపేట నుంచి కూడా వచ్చేవాళ్లు. మామ మాత్రం ఆమెను చూస్తే తల తిప్పుకునేవాడు. ఆ షాపు గోడ మీద నాయిన ఫోటో ఏళ్ల తరబడి వేలాడింది. మెదక్ వెళ్లినప్పుడల్లా నేను ఆ వీధి తప్పించి చుట్టూ తిరిగి వెళ్లేదాన్ని.

కాలం గడిచింది. పెద్ద బండ్లు వచ్చాయి, మా నీలంది పాత ఇనుము కింద వెళ్లిపోయింది. అత్త చివరి రోజుల్లో మెదక్‌లో నా దగ్గరే ఉంది. దవాఖానకు తీసుకెళ్లేదాన్ని, తలకు నూనె పెట్టేదాన్ని. ఒకరోజు మధ్యాహ్నం ఇద్దరం వరండాలో కూర్చుని అనపకాయలు ఒలుస్తున్నాం. మామ కొడుకు ఒకడు అంతకు ముందే వచ్చి, నాతో ఎర్రదీ నీలందీ అని ఎప్పటి వాదనే పెట్టుకుని, చాయ్ తాగి వెళ్లాడు. నేనింకా ఆ కోపంలోనే ఉన్నాను.

"సూడత్తా, వాడింకా ఎర్రదే మంచిదంటడు," అన్నాను.

"మంచిదే మరి," అంది అత్త.

నా చేతిలో కాయ అక్కడే ఆగిపోయింది. "ఏందీ?"

"ఎర్రదే మంచి బండి. ఆ సగం మడి తోలినంతసేపు ముక్కు ఒక్కపారి లేవలే. మనది బురదల తేలుతది, నిజమే. గని తోలినన్నొద్దులు పాణం అరచేతుల పట్టుకొనే తోలిన. ఏ మూల తిప్పినా, ఇయ్యాల ఇంటికి వోతనో లేదో అనుకునేదాన్ని. సులువంట, సులువు!"

"మరి గిన్నేండ్లసంది మేమందరం నీలందే గొప్పదని కొట్లాడుకుంటుంటే, ఒక్కనాడన్న చెప్పకపోతివి? మన రెండిండ్లల్ల రెండు బండ్లూ తోలింది నువ్వొక్కదానివేనాయె!"

అత్త గింజలు గిన్నెలో వేసి, పొట్టు దులుపుకుని, ఇంకో కాయ అందుకుంది.

"నన్నెవలడిగిండ్రు బిడ్డా?" అంది.